పాత ఆర్గనుకు క్రొత్త చేయూత

ధ్యాన పాఠము: నిర్గమకాండము 17:8–13
తోడు పాఠము: 1 కొరింథీయులకు 12:20–26



రెఫీదీములో ఇశ్రాయేలీయులకును అమాలేకీయులకును జరిగిన యుద్ధమును గూర్చి మన ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు. యెహోషువ క్రింద కత్తి పట్టెను, మోషే కొండమీద చేయి ఎత్తెను. ఆ చేయి పైనున్నంతసేపు గెలుపు ఇశ్రాయేలు పక్షమున నుండెను. చేయి వాలినప్పుడు గెలుపు శత్రువు పక్షమునకు పోయెను. అయితే ప్రొద్దు గ్రుంకువరకు చేయి ఎత్తి పట్టుట ఎవరి తరము? దినమంతయు వంగి నాట్లు వేయు మన తల్లులకు నడుము నొప్పి ఎట్టిదో తెలియును. వరికట్టలు మోయువారికి భుజము నొప్పి ఎట్టిదో తెలియును. మోషేకు చేతులు బరువెక్కెను. ఆయన ఫరో యెదుట నిలిచిన నాటికే ఎనుబది ఏండ్లవాడు గదా (నిర్గమ 7:7).

అప్పుడు అహరోను, హూరు రెండు పనులు చేసిరి. మొదట ఒక రాయి తెచ్చి ఆయనను దానిమీద కూర్చుండబెట్టిరి. ఆ తరువాత చెరియొక ప్రక్కను నిలిచి ఆయన చేతులను పట్టుకొనిరి. ఆ చేతులు పట్టిన సంగతిని గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వింటిమి. రాతిని గూర్చి మాత్రము ఎవరును చెప్పరు. నేనును ఇరువది ఏండ్ల సేవలో ఎన్నడును చెప్పలేదు. ఆ రాతి సంగతి నాకు నేర్పినది నేను చదివిన సెమినరీ కాదు. మా గుడిలోని పాత ఆర్గనును, దానిని వాయించు పంతులమ్మగారును నాకు దానిని నేర్పిరి.

1. దొరసానమ్మ పెట్టె

మా గుడిలో ప్రభువు బల్లకు ఎడమ ప్రక్కన ఒక కాలి ఆర్గను ఉన్నది. మిషనెరీ దొరసానమ్మగారు స్వదేశమునకు వెళ్లునప్పుడు దానిని సంఘమునకు విడిచిపోయిరట. అందుచేత ఊరివారు దానిని నేటికిని దొరసానమ్మ పెట్టె అందురు. మూత లేపగా దానిని చేసిన కార్ఖానా పేరు కనబడును. అది అమెరికా దేశమున వెర్మాంట్ రాష్ట్రములోని బ్రాటిల్‌బరో పట్టణమందు జేకబ్ ఎస్టీ అను ఆయన పేర వెలసిన కార్ఖానా. వారు 5 లక్షలకు పైగా ఇట్టి ఆర్గనులు చేసి నానా దేశములకు పంపిరి. 1960లో ఆ కార్ఖానా మూతపడినది. కనుక నేడు ఏదైన ముక్క విరిగినయెడల క్రొత్త ముక్క అచ్చటనుండి రాదు. మన ఊరి వడ్రంగియే దానికి దిక్కు.

దీని పని తీరు మీకు చెప్పవలెను. కొలిమి తిత్తిని మీరెరుగుదురు. అది గాలిని బయటికి ఊదును. ఈ ఆర్గను తిత్తి అందుకు ఎదురుగా పనిచేయును. వాయించువారు రెండు కాలి పలకలను మార్చి మార్చి త్రొక్కుచుండగా అది లోపలి గాలిని బయటికి లాగివేయును. లోపల ఖాళీ యగును. పైన ఒక మెట్టు నొక్కగానే దాని క్రిందనున్న చిన్న తలుపు తెరచుకొనును. బయటి గాలి ఆ ఖాళీలోనికి పరుగెత్తును. త్రోవలో ఒక ఇత్తడి రేకు, నాలుకవలె సన్ననిది, ఆ గాలికి వణకి పలుకును. పొడవైన నాలుక మంద్రముగాను, పొట్టి నాలుక హెచ్చుగాను పలుకును. మా ఆర్గనుకు 61 మెట్లు ఉన్నవి. ఒక్కొక్క మెట్టు క్రింద ఒకటికి మించి నాలుకలు ఉన్నవి. నాలుక సందున ఒక దుమ్ము రేణువు చిక్కినను అది మూగబోవును.

కాబట్టి ప్రియులారా, చూచువారికి ఇది చేతితో వాయించు వాద్యము. వాయించువారికి మాత్రము ఇది ముందుగా కాలితో వాయించు వాద్యము. పాట నడుచుచున్నంతసేపు కాలు ఆగకూడదు. కాలు ఆగెనా, రెండు మూడు క్షణములలో పాట ఆగును.

2. ఆగిన కాలు

మా పంతులమ్మగారు 1983 మొదలుకొని ఆ ఆర్గను వాయించుచు వచ్చిరి. పడమటి కీర్తనలకొరకు చేసిన ఆ పెట్టెమీద ఆమె పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను మన జనులు పాడు తీరుననే పలికించును. నా పెండ్లికి ఆమెయే వాయించెను. నా తండ్రిని సమాధి చేసిన దినమున ఆమెయే వాయించెను.

2022 ఆగస్టు నెలలో ఆమెకు పక్షవాతము వచ్చెను. నాలుగు నెలలకు మాట తిరిగి వచ్చెను. కర్ర పట్టుకొని నాలుగు అడుగులు వేయ నేర్చెను. ఎడమ కాలు మాత్రము పలకను త్రొక్కలేదు. ఎడమ చేతిలో ఒక్క వ్రేలు మాత్రమే మాట వినును. ఆ సంవత్సరము క్రిస్మసుకు ఆర్గను మూత తెరువబడలేదు.

2023 జనవరిలో సంఘ పెద్దల కూటములో ఈ సంగతి వచ్చెను. యౌవనస్థులు కరెంటు కీబోర్డు కొనుదమనిరి. కొందరు పెద్దలు ఆర్గనుకు గుడ్డ కప్పి జ్ఞాపకార్థముగా మూలనుంచుదమనిరి. ఒకరు దానికి ఏవేని అమరికలు చేయించి పంతులమ్మగారిచేతనే వాయింపింతమా అని అడుగగా, మరియొక పెద్ద లేచి, "పరిశుద్ధమైన దాని మీద చెయ్యి వేస్తే ఉజ్జాకి ఏమైందో మరిచిపోయారా?" అనెను. కూటము నిశ్శబ్దమాయెను.

నేను ఏమి చేసితినో చెప్పెదను. ఎవరి మనస్సును నొప్పింపకూడదని తలంచి ఆ సాయంకాలము పంతులమ్మగారి యింటికి వెళ్లితిని. "అమ్మా, నలువది ఏండ్లు సేవ చేసితిరి. ఇక విశ్రాంతి తీసికొనుడి. సంఘము మిమ్మును మరువదు" అని మృదువుగా చెప్పితిని. ఆమె మాటాడక, దిండు క్రిందనుండి ఆర్గను మూత తాళపుచెవి తీసి నా చేతిలో పెట్టెను. తరువాత ఇట్లనెను: "అయ్యగారూ, కాలు పోయింది గాని పాట పోలేదండి. నేను విశ్రాంతి అడగలేదు. కాస్త గాలి దొరికితే చాలు, వాయిస్తాను."

ఆ తాళపుచెవిని పట్టుకొని చీకటిలో ఇంటికి వచ్చితిని. నేను దయ చూపితిననుకొంటిని, గాని మర్యాద మాటలతో ఒక సేవకురాలిని సేవనుండి తొలగించితిని. అహరోను కొండమీద మోషేతో, "ముసలివాడవైతివి, చేతులు బరువెక్కినవి, దిగి వచ్చి విశ్రమింపుము, వేరొకడు చేయి ఎత్తును" అని చెప్పియుండవచ్చును. అది వినుటకు దయగానే యుండును. అతడు అట్లు చెప్పలేదు. వెళ్లి రాయి వెదకెను.

3. వడ్రంగి పని

మరునాడు తాళపుచెవి తిరిగి ఇచ్చి ఆమెను క్షమాపణ అడిగితిని. ఆ తరువాత మా ఊరి వడ్రంగిని, పంపుసెట్లు బాగుచేయు ఒక యౌవనస్థుని పిలిచితిమి. వారు చేసిన పనిని వరుసగా చెప్పెదను. ఇట్టి ఆర్గను మీ గుడిలోనున్నయెడల మీకును పనికివచ్చును.

మొదట వారు క్రొత్తది ఏదియు చేర్చలేదు. వెనుక పలక విప్పి చూడగా తిత్తి గుడ్డ పగిలియుండెను, ఒక మూల ఎలుక కొరికియుండెను. "ముందు కారేది ఆపాలండి. చిల్లికుండలో నీళ్లు పోస్తే ఏం లాభం?" అని వడ్రంగి చెప్పెను. తిత్తికి క్రొత్త రబ్బరు గుడ్డ అంటించిరి. ఇత్తడి నాలుకలను కొక్కెముతో ఒక్కొక్కటే లాగి, ఏది ఎచ్చటిదో తెలియునట్లు వరుసగా గుడ్డమీద పరచి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపిరి. ఏండ్లకొలది మూగగానున్న కొన్ని స్వరములు ఆ దినమున మరల పలికెను.

రెండవది, ఆర్గను కుడి ప్రక్కన ఒక చేతిపిడి అమర్చిరి. అది వీధి బోరింగు పిడివలె క్రిందికి పైకి ఆడును. లోపల ఒక పట్టీ దానిని తిత్తితో కలుపును. ప్రక్కన కూర్చున్నవారు దానిని ఆడించినయెడల, వాయించువారు కాలు కదపనక్కరలేదు. పూర్వకాలమున పడమటి దేశముల గుళ్లలో పెద్ద ఆర్గనులకు గాలి కొట్టుటకై ప్రత్యేకముగా మనుష్యులు ఉండెడివారు. ఇది ఆ పద్ధతియే.

మూడవది మోటారు. గాలి పీల్చి ఇల్లు ఊడ్చు యంత్రములోని మోటారును మొదట యథాతథముగా తగిలించిరి. స్విచ్చి వేయగానే తిత్తి ఒక్కసారిగా ముడుచుకొనిపోయెను, స్వరములు గొంతు పట్టుకొన్నట్లు కేకలు వేసెను. ఏలయనగా ఆ యంత్రపు లాగుడు ఆర్గనుకు కావలసిన దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత వేగము తగ్గించు రెగ్యులేటరు పెట్టిరి. తిత్తి చాలినంత ముడుచుకొనగానే తనంతట తెరచుకొని బయటి గాలిని లోనికి విడుచు చిన్న తలుపును అమర్చిరి. మోటారు ఆగియున్నప్పుడు గాలి గొట్టముగుండ వెనుకకు రాకుండ ఒక తోలు నాలుకను పెట్టిరి. దాని చప్పుడు ఆరాధనకు అడ్డుకాకుండ మోటారును ప్రక్క గదిలో ప్రత్తి పరచిన పెట్టెలో ఉంచిరి. అవసరమునకు మించిన సహాయము పీడ యగునని ఆ దినమున కన్నులార చూచితిమి. కొందరు బలహీనులకు మనము చేయు సహాయము ఇట్టిదే. వారి నోటి మాట కూడ మనమే మాటాడుదుము.

నాలుగవది ఎడమ చేతి సంగతి. దీనికొరకు వడ్రంగి ఏమియు చేయనక్కరలేకపోయెను. మెట్లపైన వరుసగా లాగు పిడులలో బేస్ కప్లరు అనునది ఒకటి ఉన్నది. దానిని లాగియుంచినయెడల, క్రింది స్థాయిలో ఒక మెట్టు నొక్కగా దానికి క్రింది స్థాయిలోని అదే స్వరము కూడ తోడుగా పలుకును. ఆమె మంచి వ్రేలు ఒకటి నొక్కిన చోట రెండు వ్రేళ్ల పని జరుగును. నూరేండ్ల క్రిందట దానిని చేసినవాడు చాలని చేతికి తోడును ముందే లోపల అమర్చిపెట్టెను. మనము ఇన్ని ఏండ్లు దానిని లాగి చూడలేదు.

ఈ పనియంతటిలో వడ్రంగి ఒక నియమమును తప్పలేదు. పాత చెక్కకు ఒక్క క్రొత్త మేకు కొట్టలేదు, ఒక్క రంధ్రము చేయలేదు. గొట్టము దూర్చవలసిన చోట పాత పలకను విప్పి, అదే కొలతకు క్రొత్త పలక చేసి దానికి రంధ్రము చేసెను. పాత పలకను గుడ్డలో చుట్టి ఆర్గను లోపలనే ఉంచెను. తీసిన మరలన్నియు ఒక డబ్బాలో వేసి దానిని కూడ అక్కడనే పెట్టెను. "రేపు వచ్చేవాళ్లకి ఇది అక్కరలేకపోతే మళ్లీ మొదట్లాగే బిగించుకోవచ్చండి" అనెను. పితరులు ఇచ్చిన దానిని గౌరవించుట యనగా ఇదియే గదా. ఆయన దానిని గుడ్డ కప్పి మూలనుంచలేదు, పగులగొట్టి పారవేయలేదు. నేటి సేవకు పనికివచ్చునట్లు చేసి, రేపటివారికి చెడకుండ కాపాడెను.

4. ఉజ్జా మాట

ఇక ఉజ్జా పేరెత్తిన పెద్దగారి సంగతి. ఆయన భక్తిపరుడు. ఆయన మాటను నేను త్రోసివేయక, ఇంటికి వచ్చి 2 సమూయేలు 6వ అధ్యాయమును, 1 దినవృత్తాంతములు 15వ అధ్యాయమును మరల చదివితిని. ఆ కథలో నేనింతవరకు గమనింపని సంగతి ఒకటి కనబడెను. దేవుని మందసమును లేవీయులు భుజములమీద మోయవలెనని ధర్మశాస్త్ర నియమము (సంఖ్యా 7:9). వారు ఏమి చేసిరి? క్రొత్త బండి చేయించి దానిమీద ఎక్కించిరి. మోయువాని భుజమునకు పని లేకపోయెను. ఎడ్లు తొట్రిల్లినప్పుడు ఉజ్జా చేయి చాపెను. ఎందుకు ఈ కీడు కలిగెనని దావీదు తరువాత చెప్పినప్పుడు, మందసమును నియమము ప్రకారము మోయకపోవుటయే కారణమని చెప్పెను (1 దిన 15:13).

ఆ కథ మా పంతులమ్మగారికి విరోధముగా లేదు. సేవకుని భుజమునకు బదులు బండిని పెట్టినవారికి అది హెచ్చరిక. మనము చేయించు అమరిక సేవకుని భుజమునకు బలమిచ్చునా, లేక భుజమే అక్కరలేకుండ చేయునా? దీనిని ప్రతి క్రొత్త వస్తువు విషయములోను మనము అడుగవలెను.

ఆర్గనుల చరిత్రలో ఈ రెండు విధములైన అమరికలును ఉన్నవి. 19వ శతాబ్దపు చివరను అమెరికాలో కాగితపు చుట్టతో పాడు ఆర్గనులు వచ్చెను. రంధ్రములు చేసిన కాగితపు చుట్ట తిరుగుచుండగా, ఆ రంధ్రములగుండ గాలి పోయి స్వరములు తమంతట పలికెను. కూర్చున్నవారికి వాయించుట రానక్కరలేదు, త్రొక్కిన చాలును. యింటి వేడుకకు అది మంచిదే. నేడు మన చేతి ఫోనులో ముందుగా నింపిన వాద్యములు అంతకంటె సులభముగా పలుకుచున్నవి. ఒంటరిగా నున్న రోగికి అవి ఆదరణ. కరెంటు కీబోర్డు వాయించు పిల్లలయందు కూడ నాకు విరోధము లేదు, వారును దేవుని సేవకులే. అయితే ఒక సంఘము, తనలో పాడగలవారుండగా, వాయింపగలవారుండగా, వారిని ప్రక్కకు నెట్టి చుట్టను తిప్పుకొన్నయెడల, అది క్రొత్త బండిమీద మందసమును ఎక్కించినట్లే.

రెండవ విధమైన అమరికలు కూడ ఉన్నవి. షికాగోలో బిల్‌హార్న్ అను సువార్త గాయకుడు ఊరూర తిరిగి పాడుటకై మడిచి చేత పట్టుకొని పోదగిన చిన్న ఆర్గను చేయించెను. కలకత్తాలో 1875లో ద్వార్కిన్ సంగీత దుకాణమును స్థాపించిన ద్వారకానాథ్ ఘోష్ గారు, మన దేశస్థులు నేల మీద కూర్చుండి పాడుదురు గనుక, కాలి పలకలను తీసివేసి వెనుక చేతి తిత్తిని పెట్టి హార్మోనియము చేసిరి. మన పల్లె ప్రార్థన కూటములలోని హార్మోనీ పెట్టె ఆ వంశములోనిదే. వాయించువారి కంఠమునకు తగిన శ్రుతికి మెట్ల వరుసనంతటిని జరుపు స్కేల్ ఛేంజరు కూడ దానికి తరువాత వచ్చిన చేయూతయే. లూయీ బ్రెయిలీ మూడేండ్ల ప్రాయములో కంటికి గాయమై, తరువాత చూపు కోల్పోయెను. ఆయన పారిస్ పట్టణపు దేవాలయములలో ఆర్గను వాయించెడివాడు. 1829లో ఆయన ప్రచురించిన చుక్కల లిపి అక్షరములకే గాక సంగీతమునకు కూడ ఏర్పడినది. చూపులేనివారు నేటికిని ఆ చుక్కలను వ్రేలితో తడిమి పాట నేర్చుకొనుచున్నారు. వీటన్నిటిలో వాద్యము మనుష్యునికి తగినట్లు వంగెను, పాడువాడు మాత్రము తన చోటనే యుండెను. విశ్రాంతిదినమే మనుష్యుని కొరకు నియమింపబడెనని ప్రభువు చెప్పగా (మార్కు 2:27), ఒక చెక్క పెట్టె మనుష్యుని కొరకు కాదా?

5. కరెంటు పోయిన వేకువ

2023 ఏప్రిల్ 9వ తేదీ పునరుత్థాన పండుగ. వేకువ ఆరాధనకు పంతులమ్మగారిని కుర్చీలో కూర్చుండబెట్టి మోసికొని వచ్చిరి. మోటారు వేసిరి. ఎనిమిది నెలల తరువాత ఆర్గను మూత తెరువబడెను. ఆమె కుడి చేయి పాటను, ఎడమ చేతి ఒక్క వ్రేలు శ్రుతిని పట్టెను. మొదట ఎవరును పాడలేదు, స్త్రీల వరుసలో ఏడ్పు మాత్రమే వినబడెను. తరువాత అందరు పాడిరి.

మూడవ చరణములో కరెంటు పోయెను. మోటారు ఆగెను. తిత్తిలో మిగిలిన పట్టు సడలుచుండగా స్వరము సన్నగిల్లి పోవుచుండెను. పంతులమ్మగారి చేతులు మెట్లమీదనే యుండెను. ఆమె తల త్రిప్పి ఎవరివైపును చూడలేదు. అంతలో ముందు చాపమీద కూర్చున్న తొమ్మిదేండ్ల చిన్నది ఒకతె లేచి పరుగెత్తి వెళ్లి ఆ చేతిపిడిని రెండు చేతులతో పట్టుకొని ఆడించెను. పాట ఆగలేదు. ఆ చిన్నదానికి ఆయాసము వచ్చినప్పుడు ఆమె ప్రక్కకు వచ్చి పిడి అందుకొన్నది ఎవరనుకొందురు? ఉజ్జా పేరెత్తిన పెద్దగారే.

ప్రియులారా, అప్పుడు నాకు ఆ పాఠము పూర్తిగా తెలిసెను. మోషేకు రాయి కావలసెను, మనుష్యుల చేతులు కూడ కావలసెను. రాయి మాత్రమే ఉన్నయెడల ఆయన కూర్చుండియుండును గాని చేతులు వాలియుండును. మనుష్యులు మాత్రమే ఉన్నయెడల సాయంకాలమునకు ముగ్గురును అలసిపోదురు. మోటారు రాతివంటిది. అది అలుపెరుగదు, ఎవరి దయకును ఎదురుచూడనక్కరలేదు. పంతులమ్మగారు వారమంతయు తనకు తోచిన వేళ ఎవరిని పిలువకయే సాధన చేసికొనుచున్నది. ఒకరి దయమీద ఆధారపడక పని చేసికొనుటలో ఎంత గౌరవమున్నదో మంచము పట్టినవారిని అడుగుడి. అయితే ఆదివారమున మాత్రము మోటారు వేయకూడదని సంఘము తీర్మానించెను. పిల్లలు వంతులవారిగా పిడి ఆడింతురు. పిడి దగ్గర కూర్చున్న పిల్లలు ఆమె వ్రేళ్లను చూచుచున్నారు. ఆ తొమ్మిదేండ్ల చిన్నది నేడు రెండు కీర్తనలు వాయించును. మోటారుకు ఎవరును శిష్యులు కారు గదా.

6. మన సంగతి

మీ గుడిలో ఆర్గను ఉండకపోవచ్చును. అయినను బరువెక్కిన చేతులు ఉన్నవి. అక్షరములు కనబడక బైబిలు మూసికొని కూర్చున్న తాతగారున్నారు. వారికి పెద్ద అక్షరముల పుస్తకము రాయి, ప్రక్కన కూర్చుండి చదివిపెట్టు మనుమడు హూరు. మెట్లు ఎక్కలేక గుడి బయట వేపచెట్టు క్రింద కూర్చుండి పాట వినిపోవు తల్లి యున్నది. మెట్ల ప్రక్కన ఒక వాలు దారి కట్టుటకు ఎంత సిమెంటు కావలెను? కపెర్నహూములో నలుగురు పక్షవాయువుగల స్నేహితునికొరకు ఇంటి కప్పునే విప్పిరి (మార్కు 2:1–5). కప్పు ఎందుకు పాడుచేసితిరని యేసు అడుగలేదు. ఆయన వారి విశ్వాసమును చూచెను.

రెండు కాళ్లును కుంటియైన మెఫీబోషెతును దావీదు కానుక ఇచ్చి ఇంటికి పంపివేయలేదు. నిత్యము తన బల్లయొద్ద చోటిచ్చెను (2 సమూ 9:13). మనము తరచుగా చేయునది వేరు. వృద్ధులకు శాలువ కప్పి, దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, వారి పనిని వేరొకరికి ఇచ్చుదుము. శాలువ మంచిదే. అయితే శాలువ కప్పకముందు, "అమ్మా, ఈ పని మీరు ఇంకను చేయుటకు మేమేమి చేయవలెను?" అని అడిగితిమా? బలము తక్కువని మనమెంచు అవయవము లేనిదే శరీరము సాగదని పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసెను. అది జాలిమాట కాదు, ఉన్న సంగతి.

బలహీనులైన మీతో కూడ ఒక మాట. సహాయము అడుగుటకు సిగ్గుపడకుడి. మోషే రాతిమీద కూర్చుండుటకు సిగ్గుపడలేదు. పంతులమ్మగారు గాలి అడుగకపోయియుంటే, మేము ఆ ఆర్గనుమీద గుడ్డ కప్పియుందుము, నేను ఒక మంచి వీడ్కోలు ప్రసంగము చేసియుందును.

ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక రాత్రి ప్రార్థనకు ముందు ఈ మూడు ప్రశ్నలు అడుగుకొనవలెనని బ్రతిమాలుచున్నాను. మన యింటిలో, మన సంఘములో చేతులు బరువెక్కినవారు ఎవరు? వారి క్రింద వేయదగిన రాయి మన యొద్ద ఏమున్నది? వారి ప్రక్కన నిలువవలసిన చేయి మనలో ఎవరిది?

ప్రార్థన: ప్రభువా, దయ అనుకొని నీ సేవకులను మేము తొలగించిన పాపమును క్షమింపుము. మా చేతులు బరువెక్కు దినమున మా క్రింద రాయి వేయు సహోదరులను మాకిమ్ము. నేడు బరువెక్కిన చేతుల ప్రక్కన నిలుచుటకు మమ్మును లేపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.

— ఒక గ్రామ సంఘ కాపరి